నడుముకు పిస్టల్: పొద్దున పెట్టుకున్నప్పటి నుంచి రాత్రి తీసేదాకా

లైసెన్సు చేతికొచ్చి, పిస్టల్ కొన్నవాళ్లు దాదాపు అందరూ అడిగే ప్రశ్నలు రెండు. "ప్యాంటులో పెట్టుకుని తిరిగితే దానంతటదే పేలదు కదా?" అనేది మొదటిది. "చాంబర్‌లో తూటా ఉంచాలా, ఖాళీగా ఉంచాలా?" అనేది రెండోది. చాంబర్ అంటే పేలేముందు తూటా కూర్చునే చోటు. ఒక్కొక్కరికీ విడిగా చెప్పీ చెప్పీ, అన్నీ ఒకేచోట రాస్తే నయం అనిపించింది.

మొదటిదానికి జవాబు చిన్నదే. మంచి స్థితిలో ఉన్న ఈ కాలపు పిస్టల్, ట్రిగ్గర్‌ను పూర్తిగా మూసేసే గట్టి హోల్‌స్టర్‌లో (పిస్టల్ తొడుగులో) ఉండి, ఎవరి చేయీ పడనంతసేపూ మామూలుగా ఊరికే పేలదు. చాలావరకు పేలేది చేయి పడ్డప్పుడే. పొద్దున పెట్టుకునేటప్పుడు, బాత్రూంలో సర్దుకునేటప్పుడు, కారులో కూర్చుని బయటకు తీసేటప్పుడు, రాత్రి తూటా దించేటప్పుడు. కాబట్టి రోజుకు ఎన్నిసార్లు ముట్టుకుంటున్నారన్నదే అసలు లెక్క. కింద రాసినదంతా ఆ లెక్క తగ్గించడానికే.

రెండో ప్రశ్న కాస్త పెద్దది, దానికి తర్వాత వస్తాను.

ఇది లైసెన్సు ఉన్నవాళ్ల కోసం, అదీ రేంజ్‌లో (కాల్చడం నేర్పే చోట) శిక్షకుడి దగ్గర నేర్చుకున్నవాళ్ల కోసం. చదివి నేర్చుకునే పని కాదిది, నేర్చుకున్నదాన్ని రోజూ తప్పులేకుండా చేయడానికి పనికొస్తుంది.

ముందు చట్టం సంగతి

చాలాచోట్ల పిస్టల్ ఉంచుకోవడానికి అనుమతి ఒకటి, దాన్ని బట్టల కింద పెట్టుకుని బయట తిరగడానికి అనుమతి ఇంకొకటి. ఒకటి ఉంటే రెండోది ఉన్నట్టు కాదు. ఒక రాష్ట్రంలో చెల్లే లైసెన్సు సరిహద్దు దాటితే చెల్లకపోవచ్చు. స్కూళ్లు, కోర్టులు, విమానాశ్రయాలు, మద్యం అమ్మే చోట్లు, ఇలా ఏయే చోట్లకు తీసుకెళ్లకూడదో మీ లైసెన్సు షరతుల్లో చూడండి. పోలీసులు ఆపినప్పుడు నా దగ్గర తుపాకీ ఉందని మీరే ముందుగా చెప్పాలని కొన్నిచోట్ల నియమం ఉంది. ఇవన్నీ ఒక కాగితం మీద రాసుకుని, ఏడాదికోసారి మళ్లీ సరిచూసుకోండి. నియమాలు మారుతుంటాయి.

తాగితే పిస్టల్ తాళంలోనే ఉండాలి. ఒక్క బీరే కదా అనే బేరం లేదు. మగత తెచ్చే మందులు వేసుకున్నా అంతే.

కావలసినవి

- మీ చేతికి సరిపడే, రేంజ్‌లో బాగా కాల్చి చూసిన పిస్టల్. జేబులో దాగిపోతుందని మరీ బుల్లిది కొనకండి. చిన్న పిస్టల్ చేతిలో ఎక్కువ ఎగురుతుంది, గురి కుదరదు.
- ఆ మోడల్ కోసమే అచ్చుపోసిన హోల్‌స్టర్. "అన్నిటికీ సరిపోతుంది" అని రాసి ఉన్న గుడ్డ సంచీ వద్దు.
- బరువుకు వంగని గట్టి బెల్టు, అంగుళంన్నర వెడల్పుది. గ్లాక్ 19 లాంటి మధ్యరకం పిస్టల్ నిండా తూటాలతో 850 గ్రాముల దాకా తూగుతుంది. మామూలు ఆఫీసు బెల్టు ఆ బరువుకు మడతపడి, పిస్టల్ బయటికి వాలుతుంది.
- రోజూ పెట్టుకునే తూటాలు, ప్రాక్టీసుకు వేరే తూటాలు.
- డమ్మీ రౌండ్లు. మందు, దాన్ని అంటించే ప్రైమర్ లేనివి, చూడగానే తేడా తెలిసే రంగువి.
- త్వరగా తెరుచుకునే తాళంపెట్టె, గోడకో నేలకో బిగించినది.
- ఒక బకెట్టు, నిండా పొడి ఇసుక. ఎందుకో చెబుతాను.

చాలామంది పిస్టల్ మీద దండిగా ఖర్చుపెట్టి, హోల్‌స్టర్ దగ్గరికి వచ్చేసరికి బేరమాడతారు. నన్నడిగితే పిస్టల్ కాస్త తక్కువదైనా పర్వాలేదు. హోల్‌స్టర్, బెల్టు దగ్గర మాత్రం పిసినారితనం వద్దు.

1. హోల్‌స్టర్‌ను పరీక్షించండి

పిస్టల్ ఖాళీ చేయండి. మ్యాగజైన్ (తూటాలుండే పెట్టె) తీసి, స్లైడ్ (పిస్టల్ పైన జరిగే భాగం) వెనక్కి లాగి నిలిపి, చాంబర్‌లోకి కళ్లతో చూసి, చీకటిగా ఉంటే చిటికెన వేలు పెట్టి తడిమి చూడండి. ఆ గదిలో ఒక్క తూటా కూడా ఉండకూడదు. తర్వాత ఈ ఐదూ చూడండి.

ట్రిగ్గర్ మూత: పిస్టల్ హోల్‌స్టర్‌లో ఉండగా ట్రిగ్గర్ గార్డ్ (ట్రిగ్గర్ చుట్టూ ఉండే కడ్డీ) ఉన్న చోట బయట నుంచి బొటనవేలితో గట్టిగా నొక్కండి. లోపల ట్రిగ్గర్ కదిలినట్టు, క్లిక్ మన్నట్టు అనిపిస్తే ఆ హోల్‌స్టర్ పనికిరాదు. గార్డ్‌లోకి వేలు దూరే సందు ఉన్నా పనికిరాదు.

నోరు: పిస్టల్ తీశాక హోల్‌స్టర్ నోరు తెరిచే ఉండాలి. మెత్తటి తోలుదైతే బెల్టు ఒత్తిడికి నోరు మూసుకుపోతుంది. అప్పుడు రెండో చేత్తో తెరవాల్సి వస్తుంది, ఆ చేయి పిస్టల్ మూతికి ఎదురుగా వస్తుంది. పాతబడి మెత్తబడ్డ తోలు అంచు లోపలికి ముడుచుకుని, వేలు చేసే పనే చేసి ట్రిగ్గర్‌ను నొక్కిన సందర్భాలున్నాయి. కైడెక్స్ లాంటి గట్టి ప్లాస్టిక్‌కు ఈ తంటా లేదు. తోలే కావాలంటే నోటికి లోహపు పట్టీ ఉన్నది తీసుకోండి.

పట్టు: ఖాళీ పిస్టల్‌ను పెట్టి, హోల్‌స్టర్‌ను తలకిందులు చేసి మంచం పైన ఊపండి. జారకూడదు.

క్లిప్పు: బెల్టుకు తగిలించుకుని పిస్టల్‌ను పైకి లాగండి. పిస్టలొక్కటే రావాలి. హోల్‌స్టర్ కూడా కలిసి వచ్చిందంటే, అవసరమైన రోజున మీ చేతిలో ఉండేది తొడుగుతో సహా ఉన్న పిస్టల్.

స్క్రూలు: రోజువారీ కదలికకు వదులవుతాయి. ఊడదీయడానికి వీలుండే రకం థ్రెడ్‌లాకర్ (స్క్రూలు వదులవకుండా పట్టే జిగురు) ఒక చుక్క వేయండి.

2. ఎక్కడ పెట్టుకోవాలి

నడుమును గడియారం అనుకుని, బొడ్డు దగ్గర 12 గంటలు అనుకుంటే, కుడిచేతి వాటం వాళ్లకు 3, 4 గంటల మధ్య తుంటి మీద పెట్టుకోవడం పాత పద్ధతి. ప్యాంటు లోపల పెట్టుకునే హోల్‌స్టర్ అయితే వదులు చొక్కా చాలు దాచడానికి. కొత్తవాళ్లకు నేను చెప్పేది ఇదే చోటు. పిస్టల్ మూతి శరీరం వైపు తక్కువగా తిరుగుతుంది. ఇబ్బందల్లా వంగినప్పుడు పిడి చొక్కాను ఎత్తి చూపిస్తుంది. మోకాళ్లు మడిచి కూర్చుని వస్తువు తీసుకోవడం అలవాటు చేసుకుంటే సరిపోతుంది.

ముందువైపు 1 గంట దగ్గర పెట్టుకోవడం ఇప్పుడు ఎక్కువమంది ఇష్టపడుతున్నారు. బాగా దాగుతుంది, గుంపులో వెనకనుంచి లాగడం కష్టం. కానీ మూతి నేరుగా తొడ మీదికి, అంతకన్నా ముఖ్యమైన చోటికి చూస్తుంటుంది. తొడలోపలి పెద్ద రక్తనాళం తెగితే కొద్ది నిమిషాల్లో ప్రాణం పోవచ్చు. 8వ అడుగు (పిస్టల్ తిరిగి పెట్టడం) కళ్లు మూసుకుని చేసేంత అలవాటయ్యాకే ఈ చోటు గురించి ఆలోచించండి. కళ్లు మూసుకుని చేయమని కాదు సుమా.

వెన్ను మధ్యలో, 6 గంటల దగ్గర, వద్దు. వెల్లకిలా పడితే వెన్నెముకకూ నేలకూ మధ్య ఇనుప ముద్ద ఉంటుంది.

హోల్‌స్టర్ లేకుండా ప్యాంటులో దోపుకోవడం, తాళంచెవులతో కలిపి జేబులో వేసుకోవడం, ఇవి ఏ గంట దగ్గరైనా వద్దు.

హ్యాండ్‌బ్యాగులో పెట్టుకునేవాళ్లు: పిస్టల్‌కు ప్రత్యేకమైన అర, అందులో ట్రిగ్గర్ మూసే గట్టి హోల్‌స్టర్, ఆ అరలో ఇంకేమీ ఉండకూడదు, బ్యాగు ఒంటిమీద నుంచి దిగకూడదు. 2014 డిసెంబరు చివర్లో అమెరికాలోని ఐడహో రాష్ట్రంలో ఒక తల్లి దుకాణంలో సరుకులు కొంటుండగా, బండిలో కూర్చున్న రెండేళ్ల పిల్లవాడు ఆమె పర్సులోకి చేయిపెట్టాడు. తుపాకీ పేలి తల్లి అక్కడికక్కడే చనిపోయింది. అది పిస్టల్ కోసమే చేసిన పర్సు. చేయి దూరంలో పిల్లలున్న ఇంట్లో నేనైతే బ్యాగు పద్ధతి వద్దంటాను.

3. చాంబర్‌లో తూటా: మీ పిస్టల్ రకాన్ని బట్టి

స్ట్రైకర్ రకం (హ్యామర్ అనే సుత్తి లేకుండా లోపలి పిన్నుతో పేలేవి, గ్లాక్ వంటివి): చాలావాటికి బొటనవేలితో వేసే సేఫ్టీ ఉండదు. ట్రిగ్గర్ మీదున్న చిన్న మీట, లోపల ఫైరింగ్ పిన్‌ను ఆపే సేఫ్టీ, కింద పడ్డా పేలకుండా ఆపే సేఫ్టీ, మూడూ ట్రిగ్గర్ నొక్కగానే తొలగిపోతాయి. వేలు నొక్కిందా, చొక్కా అంచు నొక్కిందా దానికి తెలియదు. రెండున్నర కిలోల ఒత్తిడి, కొద్దిపాటి కదలిక, అంతే. ఈ రకానికి హోల్‌స్టరే అసలు సేఫ్టీ.

డబుల్ యాక్షన్, సింగిల్ యాక్షన్ రెండూ ఉన్నవి (బెరెట్టా 92 వంటివి): మొదటిసారి ట్రిగ్గర్ పొడవుగా, బరువుగా కదులుతుంది. ఒకసారి కాల్చాక హ్యామర్ వెనకే నిలిచిపోయి, తర్వాతిసారి తేలిగ్గా పేలుతుంది. కాబట్టి తిరిగి పెట్టేముందు డీకాకింగ్ మీటతో హ్యామర్ దించాలి. మరిచిపోవడం చాలా మామూలు తప్పు. మీట ఉండగా బొటనవేలితో హ్యామర్ పట్టుకుని ట్రిగ్గర్ నొక్కి దించే విన్యాసాలు వద్దు, వేలు జారితే అయిపోయింది.

1911 అనే నమూనా, సింగిల్ యాక్షన్ రకం (హ్యామర్ ముందే వెనక్కి లాగి ఉంటేనే పేలేది): హ్యామర్ వెనక్కి, సేఫ్టీ పైకి. చూడ్డానికి భయంగా ఉన్నా, దాన్ని తయారుచేసిన పద్ధతి అదే. సేఫ్టీ దించడం పిస్టల్ ఎదుటికి తిరిగాకే. హోల్‌స్టర్‌లోకి వెళ్లేముందు మళ్లీ పైకి.

ఇక ఆ రెండో ప్రశ్న. చాంబర్ ఖాళీగా ఉంచితే పొరపాటున పేలే అవకాశం తగ్గుతుంది, నిజమే. కానీ అవసరం పడినప్పుడు స్లైడ్ లాగడానికి రెండు చేతులూ కావాలి. ఒక చేత్తో పిల్లనో, తలుపునో, మీద పడుతున్న మనిషినో ఆపుతూ ఉంటే ఆ రెండో చేయి ఉండదు. కంగారులో స్లైడ్ సగమే లాగితే తూటా ఇరుక్కుంటుంది. అనుభవం ఉన్నవాళ్లు ఎక్కువమంది తూటాతోనే పెట్టుకుంటారు, నేనూ అంతే. మీకు భయంగా ఉంటే కొన్ని వారాలు ఖాళీగా పెట్టుకుని తిరగండి, సిగ్గేమీ లేదు. ఆ భయం చాలాసార్లు హోల్‌స్టర్ మంచిది కాదని మనసు చెప్పే మాటే. ఒకటి మాత్రం చేయకండి: ఇవాళ నింపి, రేపు ఖాళీగా. అలా మారుస్తుంటే ఏదో ఒకరోజు ఏ స్థితిలో ఉందో మీకే గుర్తుండదు.

4. వారం రోజులు ఖాళీ పిస్టల్‌తో ఇంట్లో తిరగండి

ఈ అడుగు దాటేసేవాళ్లే ఎక్కువ. ఖాళీ పిస్టల్ గ్లాక్ లాంటి, నొక్కాక ట్రిగ్గర్ వెనకే నిలిచిపోయే స్ట్రైకర్ రకమైతే, ముందు స్లైడ్ లాగి వదిలి దాన్ని కాక్ చేసి పెట్టుకోండి. వంగండి, మెట్లెక్కండి, సోఫాలో కూలబడండి, కారు సీటు బెల్టు పెట్టుకోండి. రాత్రి తీసి చూడండి. ట్రిగ్గర్ కాక్ అయిన చోటే ఉందంటే రోజంతా దాన్ని ఏదీ నొక్కలేదన్నమాట. వెనక్కి వెళ్లి ఉంటే, తూటా ఉండి ఉంటే పేలేదే. వారంపాటు ఒక్కసారి కూడా అలా జరగకపోతే మీ భయం సగం పోతుంది. మాటలకన్నా ఈ పరీక్షే ఎక్కువ నమ్మకమిస్తుంది.

హ్యామర్ ఉన్నవాటిని మీరు నింపి తిరిగే స్థితిలోనే ఉంచి చూడండి: 1911 అయితే హ్యామర్ వెనక్కి, సేఫ్టీ పైకి. సేఫ్టీ రాత్రికి దిగిపోయి ఉంటే హోల్‌స్టరో, మీ నడుమో దాన్ని తోస్తున్నట్టు.

5. పొద్దున పెట్టుకోవడం

అమెరికా శిక్షకుడు జెఫ్ కూపర్ ప్రచారంలోకి తెచ్చిన నాలుగు నియమాలు మీకు రేంజ్‌లో చెప్పే ఉంటారు. ప్రతి తుపాకీ నిండి ఉందనే అనుకోవాలి. నాశనం కావడానికి ఇష్టపడని దేనివైపూ మూతి తిప్పకూడదు. గురి కుదిరేదాకా వేలు ట్రిగ్గర్ మీదికి వెళ్లకూడదు. ఎదుట ఏముంది, దాని వెనక ఏముందో తెలియాలి. ఇంట్లో గోడ అవతల ఎవరున్నారో తెలియదు, ప్లైవుడ్, జిప్సం బోర్డు లాంటి పల్చటి గోడలను తూటా ఆగకుండా దాటేస్తుంది. ఇసుక బకెట్టు ఇందుకే. తూటా ఎక్కించడం, దించడం రెండూ మూతి ఆ ఇసుకవైపు ఉంచి చేయండి.

మ్యాగజైన్ పెట్టండి, స్లైడ్‌ను పూర్తిగా లాగి వదిలేయండి. చేత్తో పట్టుకుని మెల్లగా ముందుకు తీసుకెళ్లకండి, పూర్తిగా మూసుకోకపోవచ్చు. మ్యాగజైన్ ఒకసారి కిందికి లాగి పట్టుందో లేదో చూడండి. సేఫ్టీయో, డీకాకరో మీ పిస్టల్‌కు ఏదుంటే అది వేయండి.

ఇప్పుడు పిస్టల్‌ను ఒంటిమీద లేని హోల్‌స్టర్‌లో, మూతి ఇసుకవైపే ఉంచి, పెట్టండి. తర్వాత పిస్టల్‌తో సహా హోల్‌స్టర్‌ను నడుముకు తగిలించండి. పిస్టల్ దూరుతున్నప్పుడు పొరపాటు జరిగినా మూతి మీ తొడవైపు ఉండదు. క్లిప్పు వేసేటప్పుడు చేయి హోల్‌స్టర్ మీదే ఉండాలి, పిడి మీద కాదు.

6. రోజంతా: ముట్టుకోకండి

కొత్తలో అందరూ చేసేది ఒకటే. చొక్కా సర్దుకుంటూ, మోచేత్తో తడుముతూ, ఉందా లేదా అని చూసుకుంటూ ఉంటారు. అచ్చు కనబడుతుందేమోనని మీకున్న టెన్షన్ ఎదుటివాళ్లకు లేదు, వాళ్ల ధ్యాస ఫోన్‌లో ఉంటుంది. మీ చేయి మాటిమాటికీ నడుము దగ్గరికి వెళ్తేనే వాళ్లు చూస్తారు. బయల్దేరే ముందు అద్దం ముందు ఓసారి చేతులెత్తి, పక్కకు తిరిగి చూసుకోండి. ఆ తర్వాత వదిలేయండి. గళ్ల చొక్కా, ముదురు రంగు, కాస్త మందపాటి గుడ్డ బాగా దాస్తాయి.

*బాత్రూం.* ఎక్కువ తప్పులు జరిగేదిక్కడ. పిస్టల్ తీసి ఫ్లష్ ట్యాంకు మీద పెట్టి, చేతులు కడుక్కుని వెళ్లిపోయినవాళ్లలో యూనిఫారం వేసుకునేవాళ్లు కూడా ఉన్నారు. తలుపు కొక్కేనికి ట్రిగ్గర్ గార్డ్ పట్టుకుని తగిలించేవాళ్లూ ఉన్నారు, అంతకన్నా ప్రమాదం ఇంకొకటి లేదు. మీరు చేయాల్సింది ఇదీ: పిస్టల్ హోల్‌స్టర్‌లోనే ఉండాలి, హోల్‌స్టర్ ప్యాంటుకే ఉండాలి. ప్యాంటు మోకాళ్ల దగ్గర ఆగినప్పుడు బెల్టు బకిల్‌ను మళ్లీ పెట్టేయండి. బెల్టు బిగువుగా ఉంటే పిస్టల్ వాలదు, పక్క గదిలోవాళ్లకు తలుపు కింద నుంచి కనబడదు. తప్పనిసరిగా తీయాల్సివస్తే హోల్‌స్టర్‌తో కలిపి తీసి, దించిన ప్యాంటులోనే పెట్టుకోండి. అది తీయకుండా లేవలేరు కదా, మరిచిపోయే సమస్యే ఉండదు.

*కారు.* సీటు బెల్టు పిస్టల్ పిడి మీద నుంచి పోకుండా చొక్కా కింద సర్దండి. కూర్చోవడం ఇబ్బందిగా ఉందని తీసి సీట్ల మధ్య దూర్చకండి. సడన్ బ్రేకుకు అది పాదాల కిందికి వచ్చేస్తుంది. దిగి వెళ్తూ కారులో వదిలేయకండి, కారులోంచి పోయిన తుపాకీ దొంగ చేతికే వెళ్తుంది. పిస్టల్ నిషేధమైన చోటికి వెళ్లాల్సిన రోజు ఇంట్లో తాళంపెట్టెలోనే ఉంచి వెళ్లడం మేలు. పోలీసులు ఆపితే రెండు చేతులూ స్టీరింగ్ మీద కనబడేలా ఉంచండి. కాగితాలు పిస్టల్ ఉన్న వైపు జేబులో ఉంటే, తీసేముందే నోటితో చెప్పండి.

*కింద పడితే.* పట్టుకోబోకండి. చేయి జారిన గ్లాసును అందుకున్నట్టు అందుకుంటాం, అది మనిషి స్వభావం. అలా అందుకునే వేళ్లలో ఒకటి ట్రిగ్గర్ గార్డ్‌లోకి పోతుంది. ఈ కాలపు పిస్టళ్లలో ఎక్కువవాటికి పడినా పేలకుండా ఆపే ఏర్పాటు లోపల ఉంటుంది. వదిలేయండి, నేలమీద ఆగాక తీసుకోండి.

7. తీయడం: ఇంట్లో ప్రాక్టీసు

తూటాలన్నీ వేరే గదిలో. పిస్టల్ ఖాళీ అని రెండుసార్లు చూడండి. ఎదుట ఇసుక బకెట్టో, పుస్తకాల బీరువానో ఉండాలి, టీవీ కాదు, మనుషులుండే గది గోడ అసలే కాదు. మొదట డమ్మీ రౌండ్లతో, మెల్లగా.

ఎడమచేత్తో చొక్కాను ఛాతీదాకా ఎత్తి పట్టుకోండి. కుడిచేయి పిడిని పూర్తిగా పట్టుకోవాలి, చూపుడువేలు హోల్‌స్టర్ బయట నిటారుగా. నేరుగా పైకి తీయండి. హోల్‌స్టర్ దాటాకే మూతి ముందుకు. రెండోచేయి ఛాతీ దగ్గర వచ్చి కలుస్తుంది. వేలు స్లైడ్ పక్కనే ఉంటుంది, గురి చూసి కాల్చాలని నిర్ణయించుకున్నాకే కిందికి.

వేగం మీద మోజు వద్దు. రోజుకు పది నిమిషాలు, అలసట రాకముందే ఆపేయండి. ప్రాక్టీసు అయిపోయిందని గట్టిగా పైకి అనండి. "ఇంకొక్కసారి" అనుకుంటూ, మధ్యలో తూటాలు ఎక్కించేసిన సంగతి మరిచి, టీవీని కాల్చినవాళ్లున్నారు. ఆ ఒక్కసారి ఎప్పుడూ వద్దు.

8. తిరిగి పెట్టడం: ఇక్కడే నిదానం

తీయడంలో తొందర ఉండొచ్చు, తిరిగి పెట్టడంలో తొందరకు కారణమే లేదు. ప్రమాదం ఇంకా ఉంటే పిస్టల్ చేతిలోనే ఉండాలి. పోయిందంటే నిమిషం తీసుకున్నా నష్టం లేదు.

ఆగండి. చూపుడువేలు స్లైడ్ పక్కన ఎత్తుగా ఉందో చూసుకోండి. సేఫ్టీ, డీకాకర్ వేయండి. చొక్కాను బాగా ఎత్తి, హోల్‌స్టర్ నోట్లోకి కళ్లతో చూడండి. చూడకుండా పెట్టడం పోలీసులకు కొన్ని పరిస్థితుల్లో అవసరం, మనకు కాదు. హ్యామర్ ఉంటే బొటనవేలు దానిమీద ఆనించండి, కదిలితే తెలుస్తుంది. ముందువైపు పెట్టుకునేవాళ్లు నడుము ముందుకు తోసి, పై ఒంటిని వెనక్కి వాల్చాలి. అప్పుడు మూతి ఒంటికి దూరంగా తిరుగుతుంది. ఇక మెల్లగా దించండి. ఏమాత్రం అడ్డు తగిలినా నొక్కకండి, తీసేయండి, ఏం అడ్డుపడిందో చూడండి.

ఈ చివరి మాట నాకు ఒక చలికోటు నేర్పింది. ఆ కోటు అడుగంచున బిగించే తాడు ఉంది, తాడు చివర చిక్కుడు గింజంత ప్లాస్టిక్ బుడిపె. రేంజ్‌లో ఒకరోజు పిస్టల్ తిరిగి పెడుతుంటే, సగందాకా దిగి ఏదో మెత్తగా ఆనినట్టయింది. ఇంకాస్త నొక్కితే పోతుందిలే అనుకునే క్షణం అది. ఆగి పైకి తీసి చూస్తే, బుడిపె ట్రిగ్గర్ గార్డ్ లోపల, ట్రిగ్గర్‌కు ముందు కూర్చుని ఉంది. హోల్‌స్టర్ అంచు దాన్ని పట్టుకుని ఉంటుంది, పిస్టల్ కిందికి పోయేకొద్దీ ట్రిగ్గర్ వెనక్కి పోతుంది. ఆ సాయంత్రమే తాళ్లన్నీ కత్తిరించేశాను. మీ కోట్లు, హుడీలు ఓసారి చూసుకోండి.

9. రాత్రి తీయడం

ఎక్కువమంది రాత్రికి తూటా దించి, పొద్దున మళ్లీ ఎక్కిస్తారు. అవసరం లేదు. హోల్‌స్టర్‌తో కలిపి తీసి, అలాగే తాళంపెట్టెలో పెట్టి తాళం వేయండి. ఇంట్లో పిల్లలున్నా, లేకపోయినా. పొద్దున అదే ముక్కగా నడుముకు. పిస్టల్‌ను ముట్టుకోవడం సున్నాసార్లు.

దించాల్సిన రోజున వరుస ఇది: మూతి ఇసుకవైపు, వేలు బయట, ముందు మ్యాగజైన్ తీయాలి, తర్వాతే స్లైడ్ లాగాలి. తిరగేసి చేస్తే ఏమవుతుందో చూడండి. స్లైడ్ లాగారు, తూటా ఎగిరి పడింది, తృప్తిగా ఉంది. కానీ లోపలే ఉన్న మ్యాగజైన్ ఇంకో తూటాను చాంబర్‌లోకి ఎక్కించింది. ఇప్పుడు మ్యాగజైన్ తీసి "ఖాళీ" అనుకుని ట్రిగ్గర్ నొక్కుతారు. ఖాళీ అనుకున్న తుపాకీ పేలడంలో ఇదే పాత కథ. అందుకే స్లైడ్ మూడుసార్లు లాగి, వెనక నిలిపి, కళ్లతో చూసి, వేలితో తడమండి.

ఎగిరే తూటాను అరచేతితో మూసి పట్టుకునే స్టైలు కూడా వద్దు. తూటా అడ్డం తిరిగి దాని ప్రైమర్‌కు లోపలి ఎజెక్టర్ (తూటాను బయటికి తోసే ముక్క) తగిలితే, అరచేతిలోనే పేలవచ్చు. నేల మీద పడనివ్వండి, వంగి తీసుకోండి.

తూటాలు, తనిఖీ

రోజూ పెట్టుకునే తూటాలు కనీసం 200 మీ పిస్టల్‌లో, మీ మ్యాగజైన్లతోనే కాల్చి చూడండి. ఒక్కటి ఇరుక్కున్నా కారణం తెలిసేదాకా దాన్ని నమ్ముకోకండి. మొన గుంటగా ఉండే హాలో పాయింట్ తూటా ఒంట్లో విచ్చుకుని, అవతలికి దూసుకుపోయి వెనకవాళ్లకు తగిలే ముప్పును తగ్గిస్తుంది. కొన్నిచోట్ల వీటిమీద ఆంక్షలున్నాయి, లైసెన్సు కాగితం చూసుకోండి.

వారానికోసారి: బ్యారెల్ లోపల, హోల్‌స్టర్ అడుగున బట్టల నూగు పేరుకుందా, చెమటకు స్లైడ్ మీద తుప్పు చుక్కలు లేచాయా, స్క్రూలు వదులయ్యాయా, తోలైతే నోరు మెత్తబడిందా చూడండి. పిస్టల్ ఒంటికి ఆనేవైపే తుప్పు ముందుగా పడుతుంది.

ఇంకొకటి, చాలామందికి తెలియనిది. ఒకే తూటాను రోజూ దించి ఎక్కిస్తుంటే, చాంబర్‌లోకి దూరే ప్రతిసారీ దాని గుండు ఇత్తడి గుల్లలోకి కొంచెం కొంచెంగా నొక్కుకుపోతుంది. లోపల ఖాళీ తగ్గితే పేలినప్పుడు ఒత్తిడి ప్రమాదకరంగా పెరుగుతుంది. ఎక్కించిన ప్రతిసారీ తూటా అడుగున, ప్రైమర్‌కు తగలకుండా, మార్కర్‌తో చిన్న గీత గీయండి. రెండు గీతలు పడితే దాన్ని ప్రాక్టీసు డబ్బాలో వేసేయండి. దానికి ముందు, పెట్టెలోంచి కొత్త తూటా ఒకటి తీసి, రెంటినీ బల్లమీద పక్కపక్కన నిలబెట్టి, కళ్లు బల్ల ఎత్తుకు దించి చూడండి. పాతది గోరు మందమైనా పొట్టిగా కనబడితే ప్రాక్టీసు డబ్బాలో కూడా వేయకండి. విడిగా ఒక సీసాలో పెట్టి, రేంజ్‌కు వెళ్లినప్పుడు అక్కడ పాడైన తూటాలు తీసుకునేవాళ్లకు ఇచ్చేయండి.